స్టేషన్ ఎదుటి లాడ్జీ

భిలాయిలో మా తెలుగువాళ్ళు ఏ పెద్ద ఊరికి బయలుదేరినా టికెట్టు కొన్నాక చేసే మొదటి పని ఒకటే. రుఆబాంధా సెక్టారులో అప్పలసూరి క్వార్టరుకి వెళ్ళి, "అన్నా, ఎక్కడ దిగమంతావు?" అని అడగడం. హోటళ్ళన్నీ బొమ్మలతో సహా ఫోనులో కనిపించే రోజులు వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. ఫోను అబద్ధం చెప్పొచ్చు గానీ అప్పలసూరి చెప్పడని మావాళ్ళ నమ్మకం. నేను పక్క క్వార్టరువాణ్ణి. వచ్చినవాళ్ళకి ఆయన ఇచ్చే ఉపన్యాసంలో సగానికి సగం గోడ దాటి నా చెవిన పడేది. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది కూడాను.

ఆయనది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మీసాలు సరిగ్గా రాకముందే ఇక్కడికి వచ్చి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో చేరాడు. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాడు. పట్టాలు చేసే మనిషికి రైళ్ళంటే మోజు ఉండటంలో వింతేముంది? కంపెనీ ఖర్చుతో దేశం చూసి రమ్మని ఇచ్చే ఎల్‌టీసీ సెలవు మాలో చాలామంది ఇంట్లో పడుకుని గడిపేసేవాళ్ళం. ఆయన మాత్రం ఊరుకునేవాడు కాదు. తెలుగు కుటుంబాలను పోగుచేసి, ఒకే బోగీలో కూర్చోబెట్టి, కలకత్తా అని, ఢిల్లీ అని, బొంబాయి అని తిప్పేవాడు. నేనూ మా ఆవిడ జ్ఞానప్రసూనా ఆ మందలో చాలాసార్లు ఉన్నాం.

ఊరు రాగానే మమ్మల్నందరినీ ప్లాట్‌ఫారం మీద సామాన్ల పక్కన కూర్చోబెట్టి ఆయన ఒక్కడే బయటికి వెళ్ళేవాడు. లాడ్జీలో కుళాయి తిప్పి చూసేవాడు, దుప్పటి ఎత్తి చూసేవాడు, దిండు వాసన చూసేవాడు. మేనేజరుతో వచ్చీరాని హిందీలో బేరమాడి, గెలిచిన మొహంతో తిరిగొచ్చేవాడు. ఎన్ని చూసినా చివరికి తీసుకునేది మాత్రం స్టేషన్‌కి ఎదురుగా ఉన్నదే. "దిగినామా, రోడ్డు దాటినామా, రూములో పడ్డామా! రూములో కాపురం సేస్తామేటి? సామాన్లెట్టుకోడానికీ ఒళ్ళు వాల్చడానికీ గదా. ఊరు మీద తిరగడానికే వచ్చినాం, తిరగండి" అనేవాడు.

రైళ్ళ కూతలకు నిద్రపట్టక ఆడవాళ్ళు పొద్దున్నే సణిగేవాళ్ళు. "ఈ సూరన్న మనల్ని ప్లాట్‌ఫారం మీదే పడుకోబెట్టీసినా బాగుండును" అని మా ఆవిడే అనేది. అప్పుడు అప్పలసూరి భార్య వరలక్ష్మమ్మ జడ వేసుకుంటూ, "నాకు సుబ్బరంగా నిద్దరట్టిందమ్మా" అనేది. కళ్ళు చూస్తే ఎర్రగా ఉండేవి. హౌరాలో ఒకసారి కప్పు కారి ఆవిడ పరుపంతా తడిసిపోయింది. తెల్లవార్లూ ట్రంకుపెట్టె మీద కూర్చుంది. పొద్దున్న మేమంతా అప్పలసూరిని పట్టుకుని కడిగేస్తుంటే, "ఇప్పుడేటైందని? సల్లగా హాయిగా ఉండింది" అంది. ఆయన ఎంపికకు వంక పెట్టిన మాట నలుగురిలో గానీ నాలుగ్గోడల మధ్యగానీ ఆవిడ నోట రాలేదు. మొగుడి మీద భయమేమీ లేదు. ఉప్పు తక్కువైందంటే వండుకోమనేది, చొక్కా మాసిందంటే విప్పి పారేసేది. ఆ ఒక్క విషయంలోనే ఆయన్ని పసిపిల్లాడిలా చూసుకునేది. మిల్లులో నలుగురు చెప్పింది చేసి వచ్చే మనిషి, ప్రయాణాల్లోనే కదా నలుగురికి చెప్పగలిగేది.

రెండేళ్ళ కిందట వరలక్ష్మమ్మకి గర్భసంచిలో కేన్సరని తేలింది. ఇక్కడి డాక్టర్లు చూసి, ఇంకా ముదరలేదనీ, ముంబైలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళి రేడియేషన్ పూర్తిగా తీసుకుంటే నయమైపోయే అవకాశం బాగా ఉందనీ చెప్పారు. ఆదివారాలు, శనివారాలు పోను రోజూ వెళ్ళాలి. మధ్యలో మాత్రం ఆపకూడదు. ఈ మాట డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పిందట. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. పూర్తిచేసుకుని వస్తే చాలు, మనిషి దక్కుతుంది.

కొడుకు మనోజ్‌కుమార్‌ది రాయపూర్‌లో ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కంటే హిందీయే సుళువు. ఆ ఆదివారం వచ్చి తండ్రికి ఫోను చూపించాడు. నేనక్కడే ఉన్నాను.

"పాపా, ఏ దేఖో. హాస్పిటల్ సామ్నేనే హోటల్ ఉంది. ఛోటా హై, కానీ రోడ్డు దాటితే గేటే. బుక్ చేసేస్తా."

అప్పలసూరి కళ్ళజోడు పెట్టుకుని చూసి పెదవి విరిచాడు. "ఆసుపత్రి ముందర హోటలోళ్ళు రోగిష్టి మొహం సూసి రేటు సెప్తారు రా. అగ్గిపెట్టంత గదికి అంత పోస్తామా? ముంబైకి ముందొచ్చే కల్యాణ్‌లో మన లాడ్జీ ఉంది. స్టేషన్‌కి ఎదురుగా, గాలీ ఎలుతురూ ఉంతాది. కింద ఇడ్లీ దొరుకుతాది. ఓనరు నన్ను చూస్తే భిలాయివాలే అని లేచి కూకుంతాడు."

"కల్యాణ్ దూర్ హై పాపా. రోజూ లోకల్ రైల్లో అమ్మని ఎలా తీసుకెళ్తారు?"

"కేన్సరోళ్ళకి వేరే డబ్బా ఉంతాదిరా, సీటిస్తారు. పొద్దున్నెల్తాం, సాయంత్రానికి వచ్చీస్తాం. జనరల్ షిఫ్టు డ్యూటీ అనుకో. నీ తాత వయసోళ్ళు కూడా సైకిళ్ళు తొక్కుకుని ప్లాంటుకి ఎల్లలేదేటి?"

వైద్యాన్ని డ్యూటీతో పోల్చడం మావాళ్ళకు కొత్త కాదు. మా జీవితాలన్నీ షిఫ్టుల్లోనే నడిచాయి. ఏ పనికైనా పోయి రావడం ఉంటుంది, పోయి వచ్చాక విశ్రాంతి ఉంటుంది. ఆ వెళ్ళిరావడమే ఒక మనిషికి మొయ్యలేనిది అవుతుందని మాకు తట్టదు. డబ్బుకు ఇబ్బంది కూడా లేదు. తాను పెట్టుకుంటానని మనోజ్ అంటూనే ఉన్నాడు. చివరికి వాడు తల్లి వైపు తిరిగి, "మమ్మీ, నువ్వు చెప్పు" అన్నాడు.

వరలక్ష్మమ్మ మొగుడి మొహం చూసింది. "మీ నాన్నకి తెలీదేటిరా? కల్యాణే బాగుంతాది" అంది.

వాళ్ళు పక్కనే ఉన్న దుర్గ్‌లో రైలెక్కారు. రోజూ సాయంత్రం అప్పలసూరి నాకు ఫోను చేసేవాడు. మొదట్లో గొంతులో ఎప్పటి హుషారే. గది ఇచ్చారు, కిటికీ తీస్తే రైళ్ళన్నీ కనిపిస్తాయి, మీ వదినకి చూపించాను, ఆవిడకి నచ్చింది. లోకల్‌లో సీటు దొరికింది. స్టేషన్‌లో వంతెన మెట్లెక్కడం కొంచెం కష్టమే గానీ మెల్లిగా ఎక్కించేస్తున్నాను. ఇలా సాగేవి కబుర్లు. తర్వాత తర్వాత మాట మారింది. "తిండి సయించటం నేదురా. నీళ్ళు కూడా గొంతు దిగటం నేదంతాది. రేడియేషన్ వేడి ఒంట్లో ఉంతాది గదా, అలగే ఉంతాదంట" అన్నాడు. ఆసుపత్రిలో సిస్టర్లు తింటున్నావా, నీళ్ళు తాగుతున్నావా అని అడిగితే ఆవిడ తలూపేదట. జ్ఞానప్రసూన ఫోను తీసుకుని మాట్లాడితే, "బాగానే ఉంది ప్రసూనా, గది బాగుంది" అనేది వరలక్ష్మమ్మ. గది ఎలా ఉందని మా ఆవిడ అసలు అడగనేలేదు.

ఒకరోజు వంతెన మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో నీరు లేదని ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్లు ఎక్కించారు. బలం పుంజుకునేదాకా రేడియేషన్ ఆపారు. మళ్ళీ మొదలుపెడదామన్న రోజున ఆవిడ మంచం పట్టె పట్టుకుని, "నాకీ వైద్యం పడటం నేదు. ఇంటికి తీసుకుపోండి" అందట. డాక్టర్లు చెప్పారు, మనోజ్ ఫోనులో ఏడ్చాడు, అప్పలసూరి బతిమాలాడు. ఆవిడ వినలేదు. సగం వైద్యంతో తిరిగొచ్చేశారు. దుర్గ్ స్టేషన్‌కి నేనే ఆటో తీసుకెళ్ళాను. వరలక్ష్మమ్మని చెయ్యి పట్టుకుని దించితే నా చేతిలో ఎముకలే ఉన్నాయి.

"మందు పడలేదురా దానికి. కొందరి ఒంటికి పడదంట" అని అప్పలసూరి కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పి చెప్పి తనూ నమ్మాడు. మేమూ నమ్మాం.

ఈ వేసవి నాటికి జబ్బు కాలేయానికి పాకింది. రాయపూర్‌లో డాక్టరు మనోజ్‌ని పక్కకు పిలిచి, ఇంక ఎక్కడికి తీసుకెళ్ళినా లాభం లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నాడు. ఆ మాట తండ్రికి చెప్పడానికి వాడికి నోరు రాక నా చేత చెప్పించాడు. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. అప్పలసూరి విని, "సరేలే" అని లోపలికి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టసాగాడు.

మొన్న మధ్యాహ్నం నేనక్కడ కూర్చుని ఉండగా ఆదిశేషు వచ్చాడు. దుర్గ్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్న కుర్రాడు, పలాస వాళ్ళబ్బాయి. వాళ్ళమ్మకి కూడా ఇదే జబ్బు బయటపడింది. అదే ఆసుపత్రికి రాసిచ్చారు. ముంబైలో ఎక్కడ దిగాలో అడగడానికి వచ్చాడు. లోపలి పరిస్థితి వాడికి తెలియదు. నేను కళ్ళతో సైగ చేశాను గానీ వాడు చూడలేదు.

అప్పలసూరిని చాలా రోజుల తర్వాత ఒకడు అడిగాడు. మనిషి సర్దుకుని కూర్చున్నాడు. "కల్యాణ్‌లో దిగీ బాబూ. స్టేషన్‌కి ఎదురుగా ఒక లాడ్జీ ఉంది. గాలీ ఎలుతురూ..."

"వద్దు."

లోపలి మంచం మీద నుంచి వచ్చిందా మాట. ముగ్గురం అటు తిరిగాం. వరలక్ష్మమ్మ ఒత్తిగిలి, తలుపు దగ్గరి కర్టెను పక్కకు లాగడానికి చెయ్యి చాచింది. నేను లేచి లాగాను.

"నువ్వెవరి అబ్బాయివో నాకు తెల్దు నాయనా. ఆ కల్యాణ్ వద్దు. గేటు ఎదురుగానే తీసుకో, ఎంతైనా సరే. మీ అమ్మని లోకల్ రైలు ఎక్కించకు." ఆవిడ ఆగి ఆగి మాట్లాడింది. "ఆ కరెంటు ఎట్టే ముందు కడుపు నిండా నీళ్ళు తాగమంతారు. ఎట్టినాక కడుపు పాడవుతాది, ఆపుకోలేం. ఆ రైల్లో బాత్రూం ఉండదు. ఒక రోజు సీట్లోనే అయిపోయింది. సీర మీద శాలువా కప్పుకుని అలగే కూకున్నాను. మగోడు పక్కనుంటే ఆడది ఎలా సెప్పుకుంతాది? అందుకే తినడం మానీసినాను. నీళ్ళు మానీసినాను. మీ అమ్మ కూడా మానీస్తాది, నీతో సెప్పదు. నువ్వే కనిపెట్టుకో. మెట్లు నేని గది సూడు. గదిలోనే బాత్రూం ఉండాల. తెలిసిందా?"

ఆదిశేషు తల ఊపాడు. కళ్ళనిండా నీళ్ళతో లేచి, ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

అప్పలసూరి కూర్చున్నచోటే ఉండిపోయాడు. చూడబుద్ధి కాకపోయినా ఆయన మొహం చూశాను. అంతసేపూ నాలో ఆయన మీద లేచిన కోపం ఆ మొహం చూశాక ఎటు పోయిందో పోయింది. ఆవిడ మీద కోపం వచ్చింది. ఒక్క మాట, రైల్లో అలా అయిన పొద్దే ఎవరో ఒకరితో అంటే ఏమయ్యేది? మా ఆవిడతోనైనా అనకూడదా?

ఆయన మంచం వైపు చూస్తూ అడిగాడు. "నాతో సెప్పలేదేటే?"

"ఎలా సెప్తాను?" అంది వరలక్ష్మమ్మ. "ఎల్లగానే కిటికీ తీసి రైళ్ళు సూపించినారు. ఎంత సంబరపడినారు మీరు. అయిపోతాది గదా, ఎలాగో కానిచ్చీవచ్చు అనుకున్నాను. కానియ్యలేకపోయినాను."

ఆయన లేచి వరండాలోకి వచ్చి మనోజ్‌కి ఫోను చేశాడు. నంబరు తప్పితే నేను కలిపి ఇచ్చాను. స్పీకరు పెట్టుకుని మాట్లాడటమే ఆయనకి వచ్చు.

"మనోజూ. ఆసుపత్రి ఎదురుగా హోటలు సూపించినావే. దాంట్లో రూము సూడు."

"ఎవరికి పాపా?"

"మీ అమ్మకి."

"పాపా, డాక్టర్ సాబ్ చెప్పినారు కదా. అబ్ వహా జాకే ఏం లాభం..."

"అది నేనడగలేదు. రూం ఉందా నేదా, అది సెప్పు."

వాడు చూస్తున్నట్టున్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఉంది పాపా. గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉంది."

"తీసుకో" అన్నాడు అప్పలసూరి.