శబరి ఒడ్డున సత్యవతమ్మ సైగలు

2022 మార్చి నెల, రెండో ఆదివారం, పొద్దున ఆరున్నర. కొంటాకు ఎగువన శబరి నది ఒడ్డు. గాలం వేసే సరదా ఉన్నవాళ్ళను నది మీదికి తీసుకుపోయి, టెంటు వేసి, చేప దొరికే మడుగు చూపించడం నా పని. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. ఆ రోజు చేసినంత తప్పు ఇంకెప్పుడూ చేయలేదు.

వచ్చినవాళ్ళు ఇద్దరే, కిరందుల్ టౌన్‌షిప్ నుంచి. అప్పలనాయుడుగారు గనిలో ఖనిజం మోసే పెద్ద లారీ, డంపర్, నడిపి రిటైరయ్యారు. ఆ హోరుకు చెవులు పోయాయి. చెవి మిషను నీళ్ళలో పడుతుందని టెంటులోనే వదిలి వచ్చారు. ఆయన భార్య సత్యవతమ్మ తనకూ ఒక గాలం కావాలంది.

"మీకెందుకమ్మా, చేప బెదురుతది" అన్నాను.

"ఊరికే కూకుంటే నాకు తోసదు. ఇలాగియ్యన్నా" అని లాక్కుంది.

అది ఇప్పపువ్వు రాలే కాలం. ఆ పువ్వుల కోసం ఎలుగులు తిరుగుతాయి కాబట్టి ఇప్పచెట్ల దగ్గర టెంటు వేయం. అంతవరకు జాగ్రత్తపడ్డాను. కానీ ముందురోజు సాయంత్రం మడుగు దగ్గర ఎలుగు అడుగులు కనిపించాయి. అంచులు ఎండిపోయి ఉన్నాయి, పాతవిలే అనుకున్నాను. పెద్ద చేప అక్కడే ఉందన్న ఆశ నాది. నాయుడుగారిని అక్కడే మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టాను. మేమిద్దరం ఇరవై అడుగుల దూరంలో ఒడ్డున ఉన్నాం.

ఆయన చూపు గాలం మీదే ఉండగా, ఆయనకు అవతలి పక్క పొదల్లోంచి ఎలుగు దిగింది. వీపు మీద పిల్ల. మా ఊళ్ళో అలాంటి తల్లి పంజాకు ముఖం పోయినవాడు ఉన్నాడు. గాలి దానివైపు నుంచి వీస్తోంది, మా వాసన తగల్లేదు. నీళ్ళకు వంగింది. దానికీ నాయుడుగారికీ మధ్య పదిహేను అడుగులు ఉంటాయేమో. పిలిస్తే ఆయనకు వినపడదు, ఎలుగుకు వినపడుతుంది.

సత్యవతమ్మ గాలం విసిరింది. లైను, అంటే గాలం దారం, వెళ్ళి ఆయన లైను మీద పడి చిక్కుకుంది. రెండుసార్లు గుంజింది. ఆయన తిట్టడానికి నోరు తెరుస్తూ ఇటు తిరిగారు. అప్పటికే ఆవిడ పిడికిలి గాలిలో ఉంది. ఆ నోరు మూతపడింది.

అది గని సైగ. డంపర్‌ను వెనక్కి తోలేటప్పుడు కింద నిలబడి చేత్తో దారి చూపే మనిషిని సిగ్నల్‌మ్యాన్ అంటారు. పిడికిలి అంటే ఆగు. అరచేయి తనవైపు ఊపితే నిదానంగా రా. ఆయన చెవులు పోయాక ఇంట్లో వాళ్ళకు అవే మాటలట. ఆవిడ అరచేయి ఊపింది, ఆయన కదిలారు. ఎలుగు తల ఎత్తింది, పిడికిలి. ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. తల దిగాక మళ్ళీ అరచేయి. ఒడ్డు చేరేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఎలుగు తాగి వెళ్ళిపోతుంటే అప్పుడు చూపించింది. ఆయన ఇసుకలో కూర్చుని, అది పొదల్లోకి పోయేదాకా చూశారు. ఆ తర్వాత ఆయన చెవి దగ్గర అరిచి అడిగాను.

"ఏంది సార్, ఒక్కసారన్న ఎనక్కి చూడాలనిపియ్యలేదా?"

"సూత్తే ఆవిడ సెయ్యి కనపడదు గదా."

"ఇంట్లో పిలిత్తే మాత్రం తిరగడు" అంది సత్యవతమ్మ, లైను చిక్కు విప్పుకుంటూ.

ఇప్పుడు అడుగులు ఎండినవైనా, పచ్చివైనా ఆ మడుగు వదిలేస్తాను. ఎవరినైనా నీళ్ళలోకి దించే ముందు ఆ రెండు సైగలు నేర్పుతాను. ముసలితనంలో రాయడం వచ్చింది, ఈ పేర్లు రాసి పెట్టాలనుకున్నాను. ఆ పొద్దున అక్కడున్నది సత్యవతమ్మ, అప్పలనాయుడుగారు, ముత్తయ్య అనే నేను, తల్లి ఎలుగు, దాని పిల్ల. పిల్ల ఒక్కటే వీపు మీద పోయింది. మిగతా అందరం మా కాళ్ళ మీద నడిచి పోయాం.