రేపటిదాకా ఓపిక

మా సందు చివరింటి పెద్దమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు నేను పర్ణశాల దారిలో బస్సులో ఉన్నాను, నర్సు డ్యూటీకి పోతూ. దిగిపోయి, భద్రాచలం తిరిగి పోయే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.

ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. సొంత పిల్లలు లేరు. అయినా పిల్లలతో వేగలేక మేమంతా పరుగెత్తేది ఆమె దగ్గరికే. టీవీ కట్టెయ్యడని ఒకరు, సెల్‌ఫోన్ కొనివ్వకపోతే అన్నం ముట్టనంటున్నాడని ఇంకొకరు. వెళ్లగానే చింతపండు గంప ముందుకు తోసేది.

"గింజలు తీసుకుంట చెప్పు బిడ్డా. కోపం చేతులకెళ్లి బయటికి పోతది."

మా గోడు తీరేదో లేదో గానీ, ఆమె పని మాత్రం అయ్యేది.

నా బాధ మా పెద్దాడితో. పదో తరగతికి వచ్చాడు. ఈ ఎండాకాలం సెలవులన్నీ ఇంటర్నెట్ సెంటర్లో గేములతోనే గడిపాడు. అడిగితే మాట్లాడడు. పొద్దంతా పల్లెల్లో బాలింతలకు పిల్లల్ని ఎలా సాకాలో చెప్పి వస్తాను, ఇంట్లో నా కొడుకు నోట ఒక్క మాట రాబట్టలేను. అలిసిపోయానండీ, నిజంగా.

"వాని కోసం ప్రార్థన చెయ్యి పెద్దమ్మా" అన్నానొకనాడు. ఆ జిగట చెయ్యి నా నెత్తిన పెట్టింది.

"ప్రభువా, గీ పిల్లకు ఓపిక ఇయ్యి. రేపటిదాంక చాలు."

నాకు ఒళ్లు మండింది. "గిదేంది పెద్దమ్మా! దారి తప్పింది వాడైతే నాకు చేస్తివి?"

"అవ్. వాడొచ్చినప్పుడు వానికి చేస్త."

"మరి రేపటిదాంకనేనా?"

"రేపు మళ్ల రా. చింతపండు ఇంకా ఉన్నది."

వాడు ఆమె దగ్గరికి వస్తాడనే అప్పటిదాకా నాకు తెలియదు. ఏం చెప్పుకుంటాడో చెప్పమని ఎంత బతిమాలినా ఆమె చెప్పలేదు. "నీకు చెప్తే ఇగ నా గడప తొక్కడు" అంది.

అందుకే ఆమె పోయిందంటే నాకు దుఃఖంతో పాటు భయం కూడా వేసింది. వాడు నోరు విప్పే చోటు అదొక్కటే. ఇక ఎవరితో చెప్పుకుంటాడు?

సమాధి చేసి వచ్చాక, ఆమె ఇంట్లోనే కూడుకున్నాం. ఎవరైనా ప్రార్థన చెయ్యండి అన్నారు పాస్టరుగారు. తలుపు వెనక నుంచి మా వాడి గొంతు వినిపించింది.

"ప్రభువా, మా అమ్మకు ఓపిక ఇయ్యి. రేపటిదాంక చాలు."

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అందరూ వెళ్లిపోయారు. మేమిద్దరం బయటికి వచ్చేసరికి అరుగు మీద గంప అలాగే ఉంది, సగం చింతపండుతో. ఇంటికి పోదాం రమ్మన్నాను. వాడు కదల్లేదు. అరుగు మీదే కూర్చుని, గంపను నా ముందుకు తోశాడు.