పాదాలు: నార్మల్

2022 ఫిబ్రవరి. సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. డాక్టరు గారు, ల్యాబ్ చూసుకునే అమ్మాయి, మందుల కౌంటర్లో ఒకాయన, నేను. పేరుకు స్టాఫ్ నర్సునే గానీ నా అసలు పని డయాబెటిస్ ఎడ్యుకేటర్‌ది. అంటే షుగర్ ఉందని కొత్తగా తెలిసినవాళ్లను కూర్చోబెట్టి ఏం తినాలి, ఎంత నడవాలి, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలి, ఇంట్లో మీటరుతో ఎలా చూసుకోవాలి అన్నీ నేర్పించడం. అప్పటికి ఆ పనిలో పదకొండేళ్లు. మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక యాప్రాల్‌లో స్థిరపడ్డాం. పేషెంట్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ సంగతి నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

యాదగిరి గారు ఒక సోమవారం ఉదయం వచ్చారు. వయసు నలభై ఆరు. లాలాగూడలో ఒక ప్రైవేటు షెడ్డులో లేత్ మెషీన్ మీద పని. ఇరవై ఏళ్లుగా రోజంతా నిలబడి ఇనుము కోసే మనిషి. వెంట భార్య సుగుణ గారు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడతారు. రెండు నెలలుగా ఆయనకు ఒకటే దాహం, గంటకోసారి బాత్రూముకు పరుగు. ప్యాంటు నడుము దగ్గర జారిపోతోంటే సుగుణ గారు రెండుసార్లు కుట్టు వేశారట. ఫాస్టింగ్, అంటే పరగడుపున చూసిన షుగర్, 294 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పన్నెండు దాటింది.

"గిదేందీ సిస్టరమ్మా, మా ఇంట్ల ఎవలకు లేదు. మిషన్ తప్పు చూపెట్టిందేమో, జెర మల్ల చూడున్రి" అన్నారు.

మళ్లీ చూశాను. 301.

మాత్రలతో పాటు రోజుకోసారి ఇన్సులిన్ కూడా అవసరమని డాక్టరు గారు చెప్పినప్పుడు సుగుణ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. యాదగిరి గారు మాత్రం తేరుకుని నా వైపు తిరిగారు.

"లేత్ మీద ఎంట్రుక మందం తేడా వస్తె పీసు పారేస్తరు సిస్టరమ్మా. నాకు కొలతలు అలవాటే. మీరెంత తినమంటె అంతే తింట. ఎంత నడవమంటె అంత నడుస్త. ఈ పరేషాన్ తగ్గితె చాలు."

నలభై నిమిషాలు నేర్పించాను. జొన్నరొట్టె ఎన్ని, అన్నం ఎంత, సూది పొట్ట మీద ఎక్కడ, షుగర్ పడిపోతే ఏం చేయాలి. ఆయన చిన్న నోటుబుక్కులో అన్నీ రాసుకున్నారు. చివరికి మిగిలింది పాదాల పరీక్ష.

దీని గురించి కాస్త చెప్పాలి. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. దాన్ని న్యూరోపతి అంటాం. జబ్బు ఉందని ఈరోజే తెలిసినా, అది ఒంట్లో చేరి ఏళ్లు గడిచి ఉండవచ్చు. అందుకే కొత్త పేషెంటుకు మొదటిరోజే పాదాలు చూడాలి. మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ పోగు ఉంటుంది. దాన్ని అరికాలికి అక్కడక్కడా ఆనించి, తగిలిందో లేదో చెప్పమంటాం. రెండు నిమిషాల పని. ఆ పోగు నా టేబుల్ సొరుగులోనే ఉంది.

బయట ఇరవై మందికి పైగా కూర్చున్నారు. యాదగిరి గారు అటునుంచి అటే పనికి వెళ్లేలా తయారై వచ్చారు. కాళ్లకు చీలమండల పైదాకా లేసులు కట్టిన బరువైన బూట్లు.

"కాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగాను.

"ఏం లేవు సిస్టరమ్మా. మంచిగున్నయ్. సాక్సులు వాసనొస్తయ్, ఇప్పమనకున్రి" అని సిగ్గుపడుతూ నవ్వారు.

నేనూ నవ్వాను. కేస్ షీట్‌లో పాదాలు అన్న చోట నార్మల్ అని టిక్కు పెట్టాను. చూడకుండానే. తిమ్మిర్లు లేవన్నారు గదా అనుకున్నాను. అసలు స్పర్శే పోయిన కాలికి తిమ్మిరి కూడా తెలియకపోవచ్చని చదువుకున్నదాన్నే.

ఆ తర్వాత ఏడు వారాలు ఆయనంత మంచి పేషెంటు మా క్లినిక్‌లో లేరు. ప్రతి వారం నోటుబుక్కు తెచ్చేవారు. పొద్దున ఎంత, అన్నం తిన్న రెండు గంటలకు ఎంత, సూది ఎన్ని యూనిట్లు, ఎంతసేపు నడిచారు, అన్నీ గీతలు కొట్టిన గడుల్లో. సాయంత్రం డ్యూటీ దిగగానే అవే బూట్లతో రైల్వే క్వార్టర్ల రోడ్ల వెంట అరగంట నడక. 294 నుంచి 210, తర్వాత 160, ఏడో వారానికి 118. కొత్తగా వచ్చి భయపడుతున్నవాళ్లకు ఆయన నోటుబుక్కు చూపించేదాన్ని.

తొమ్మిదో వారం ఫాస్టింగ్ 238. మూడు రోజుల తర్వాత 270.

"ఏమైందండీ?" అన్నాను.

"నాకు సుత సమజైతలేదు సిస్టరమ్మా. ఏం తప్పు చెయ్యలే."

నోటుబుక్కు తిరగేశాను. మధ్యలో ఒక ఆదివారం దగ్గర పెళ్లి అని రాసి ఉంది. యాప్రాల్‌లో వాళ్ల అక్క కూతురి పెళ్లి. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

"పెళ్లిలో ఏం తిన్నారు?"

"ఏం తినలే. డబ్బల జొన్నరొట్టె, పాలకూర వట్కపోయిన. గదే తిన్న."

"పెళ్లికి టిఫిన్ డబ్బా తీసుకెళ్లారా?" నాకు నవ్వు ఆగలేదు. "యాదగిరి గారూ, నాకు అబద్ధం చెప్పి ఏం లాభం చెప్పండి? షుగర్ మీకు పెరుగుతుంది గానీ నాకు కాదు కదా."

"నిజమే సిస్టరమ్మా" అన్నారు సుగుణ గారు పక్కనుంచి. "నేనే కట్టిచ్చిన. బగారన్నం సుత ముట్టలే. మా ఆడబిడ్డ అలిగింది."

భార్యలు భర్తల్ని వెనకేసుకురావడం నేను రోజూ చూసేదే. ఆమె మాటనూ పక్కన పెట్టాను. డాక్టరు గారితో డైట్ తప్పారని చెప్పాను. ఆయన ఇన్సులిన్ నాలుగు యూనిట్లు పెంచారు. నేను కేస్ షీట్‌లో నాన్-కంప్లయంట్ అని రాశాను. చెప్పిన మాట వినని పేషెంటు అని దాని అర్థం. తర్వాత ఆయనతో, "నడక ఇంకో పదిహేను నిమిషాలు పెంచండి, దిగుతుంది" అన్నాను.

ఆయన తల ఊపి, నోటుబుక్కులో నలభై ఐదు నిమిషాలు అని రాసుకున్నారు.

ఒంట్లో ఎక్కడైనా చీము, ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ పెరుగుతుంది. కొత్త నర్సులకు నేనే చెప్పే పాఠం ఇది. కారణం తెలియకుండా పెరిగితే పన్ను చూడు, మూత్రం చూడు, కాలు చూడు. ఆరోజు నాకు కారణం తెలుసనుకున్నాను. అందుకే ఏదీ చూడలేదు.

తొమ్మిది రోజుల తర్వాత సుగుణ గారు ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. చలి జ్వరంతో వణికిపోతున్నారు. షుగర్ 430. ఈసారి బూటు నేనే విప్పాను. కుడికాలి సాక్సు పాదానికి అతుక్కుపోయి ఉంది. సెలైన్‌తో తడిపి మెల్లగా లాగితే గదంతా వాసన. బొటనవేలి కింద అరికాల్లో రూపాయి బిళ్ల అంత గుంట, దాని చుట్టూ నల్లగా, మడమ దాకా వాపు. బూటులో చెయ్యి పెట్టి చూస్తే లేత్ మీద రాలే చుట్టలాంటి ఇనప తునక ఒకటి అడుగు అట్టలో గుచ్చుకుని, మొన పైకి తేలి ఉంది.

"నొప్పి లేదాండీ?" అన్నాను.

"లేదు సిస్టరమ్మా. జెర్రంత సుత లేదు."

సాక్సుకు రోజూ మరక అంటుతోంటే మిషన్ ఆయిల్ అనుకున్నామన్నారు సుగుణ గారు. వారాల తరబడి ఆయన ఆ ఇనప మొన మీదే నడిచారు. ముందు అరగంట, నేను పెంచాక ముప్పావుగంట.

వెంటనే పెద్దాసుపత్రికి పంపాం. మొదట రెండు వేళ్లు తీసేశారు. ఇన్‌ఫెక్షన్ అప్పటికే ఎముకలోకి వెళ్లింది. వారం గడవకముందే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

పాదాలు చూడకుండానే టిక్కు పెట్టానని డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "నేనూ ఆ టిక్కు చూసి వదిలేశానమ్మా. ఒకసారి చూసి ఉండాల్సింది" అన్నారు. తప్పులో ఆయన పాలు ఆయన తీసుకున్నా నా పాలు తగ్గలేదు.

ఆపరేషన్ అయిన ఐదో రోజు ఆసుపత్రికి వెళ్లాను. వార్డులో కిటికీ పక్క మంచం. దుప్పటి కింద ఒక కాలు ఉన్నచోట ఎత్తుగా, రెండోది ఉండాల్సినచోట చదునుగా ఉంది. నన్ను చూసి సుగుణ గారు లేవలేదు. మా క్లినిక్ కాగితాలున్న ఫైలు తీసి నా ముందు పెట్టారు.

"గిందుల మీరేం రాసిన్రు సిస్టర్? ఒచ్చిన ప్రతి డాక్టరు గిదే సదువుతడు. నోరు కట్టుకోకపోతె గిట్లనే అయితదని మా ఆయన్నే అంటడు. కాలు వోయిన మనిషిని."

ఎప్పుడూ సిస్టరమ్మా అనే మనిషి ఆరోజు సిస్టర్ అన్నారు. ఆమె వేలు నేను రాసిన నాన్-కంప్లయంట్ అన్న మాట మీదే ఉంది.

చెప్పాను. మొదటిరోజు కాలు చూడలేదని, చూసినట్టు రాశానని, షుగర్ పెరిగింది తిండి వల్ల కాదని, పుండు వల్లేనని. నడక పెంచమన్నది కూడా నేనేనని. సుగుణ గారు ఫైలు మూసి పక్కన పెట్టారు.

యాదగిరి గారు పైకప్పు వైపే చూస్తూ అడిగారు. "పెండ్లిల నేనేం తినలేదని ఇప్పుడన్న నమ్ముతున్రా?"

"నమ్ముతున్నానండీ."

"అందరు నవ్విన్రు సిస్టరమ్మా, ఆ డబ్బ చూసి. ఊకున్న. వాళ్లకేం ఎరుక అనుకున్న. మీరు సుత నవ్విన్రు."

అంతే. గోడ వైపు తిరిగిపోయారు.

మరుసటి రోజు క్లినిక్‌లో ఉన్న అసలు కేస్ షీట్‌లో ఆ మాట కొట్టేసి, ఎందుకు కొట్టేశానో కింద రాసి సంతకం చేశాను. పేషెంటు చెప్పినవన్నీ పాటించారని, పాదాల పరీక్ష మా దగ్గర జరగలేదని ఒక ఉత్తరం రాస్తే డాక్టరు గారు కూడా సంతకం పెట్టారు. దాని కాపీలు తీసుకెళ్లి వార్డు డాక్టరుకు ఒకటి, సుగుణ గారికి ఒకటి ఇచ్చాను. ఆమె మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాత వాళ్లు మా క్లినిక్‌కు రాలేదు. వేరే చోట చూపించుకుంటున్నారని, కృత్రిమ కాలు పెట్టించుకున్నా లేత్ ముందు రోజంతా నిలబడలేక పని మానేశారని లాలాగూడ నుంచి వచ్చే మరో పేషెంటు చెప్పారు. ఒకసారి ఆ వీధి దాకా వెళ్లాను. కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. తలుపు తట్టలేక వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే మొదట చేసే పని బూట్లు విప్పించడమే. బయట ఎంతమంది ఉన్నా, వాసనొస్తుందన్నా, సిగ్గుపడినా, చిన్న స్టూలు వేసుకుని కూర్చుని పాదం నా చేతుల్లోకి తీసుకుంటాను. మోనోఫిలమెంట్ ఇప్పుడు నా జేబులో ఉంటుంది. అది నేర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు.

రెండోది ఇప్పటికీ కష్టమే. షుగర్ పెరిగి వచ్చినవాళ్లు నేనేం తినలేదంటే, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ నాలో ముందు లేచేది అనుమానమే. వాళ్లలో చాలామంది తినే ఉంటారు, నిజమే. అయినా ఒళ్లంతా వెతికి చూశాకే తిండి గురించి ఆలోచిస్తాను. మీటరు అంకె చెబుతుంది గానీ కారణం చెప్పదు. కారణం కోసం మనిషినే అడగాలి. అడిగాక ఆయన చెప్పేది వినాలి. యాదగిరి గారిని నేను అడిగాను. వినలేదు.