పీలికల మామయ్య

గుడ్డపీలిక కట్టి గాలి ఎంత వీస్తోందో చూడందే ఆ మామగారు ఏ ఇంట్లోనూ మంచినీళ్ళయినా ముట్టరు. ఎత్తైన టవర్లెక్కి దీపాలు మార్చే ఉద్యోగంలో అబ్బిన అలవాటు. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. కొడుకు వేరే మేడలో పై అంతస్తున కాపురం పెట్టగానే, ఆయన రోజూ వచ్చిపోతూ మేడమెట్ల కిటికీలన్నిటికీ పీలికలు వేలాడదీశారు. ఇంట్లో దుప్పటి తువ్వాలైంది, తువ్వాలు చేతిరుమాలైంది.

"మీ పీలికల మామయ్య వచ్చాడా?" అని పక్కింటావిడ నవ్వితే కొత్తకోడలికి తల కొట్టేసినట్టుండేది.

ఆవిడే ఇంకో మాటా చెవిన వేసింది. "మీకు ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో తెలుసా? ఆ కిటికీ దగ్గర ఎవరో ఏడుస్తారట!"

నిజమే. భర్త పనికెళ్ళాక, మధ్యాహ్నం, పడకగది కిటికీలో సన్నగా మూలుగు మొదలయ్యేది. గొంతు పెరిగి పెరిగి, తన పేరే పిలవబోయి నాలిక కరుచుకున్నట్టు ఆగిపోయేది. కిందికి చూస్తే చెట్టుమీద ఆకైనా కదలదు.

"కింద గాలే లేదు మామయ్యా! పైన ఏడ్చేదెవరు?"

"కింద గాలికి చెట్లూ గోడలూ కాళ్ళకడ్డం పడతాయమ్మా, ఈడ్చుకుంటూ నడుస్తుంది. పైకెళ్ళేకొద్దీ పట్టుకునేవాళ్ళుండరు. ఇక పరుగే!"

"నేను నమ్మను."

ఆయన ఇంకో దుప్పటి చింపారు.

ఒకరోజు మూలుగు కేకైంది. తలుపు దానంతటదే ధడాలున పడింది. కోడలు చేతికందినవి సంచిలో కుక్కి, పుట్టింటికని మెట్లు దిగింది. పై మలుపులో పీలిక కర్రలా బిగుసుకుని టపటపా కొట్టుకుంటోంది. అక్కడి కిటికీ సందులోంచీ అదే మూలుగు వెన్నంటే వస్తోంది. ఇంకా దిగితే పీలిక ఊగింది, మూలుగు సన్నబడింది. అట్టడుగున పీలిక చచ్చినట్టు వేలాడింది. చప్పుడే లేదు. ఆమె ఆగి, మళ్ళీ కొన్ని మెట్లెక్కింది. పీలిక కదిలింది, మూలుగూ వినబడింది.

కింది మెట్టుమీద మామయ్య మోకాళ్ళు నొక్కుకుంటున్నారు.

"గాలే లేనిచోట పీలికెందుకు మామయ్యా?"

"లేదని నువ్వు చూడాలిగా."

"కిటికీ సందు మూసేస్తే పోయేదిగా?"

"ఏడుపు పోయేది. నీ భయం పోయేదా? ఇంతకీ ఆ సంచేమిటి?"

"ఇస్త్రీకి..."

"చెప్పులు కూడానా?"

ఆమెకు నవ్వాగలేదు. సంచి ఆయనే మోశారు, మలుపుకోసారి కూర్చుంటూ. పైకెళ్ళి కిటికీ సందులో కాగితం మడిచి దోపారు. ఇల్లు నిశ్శబ్దమైంది.

మర్నాడు మధ్యాహ్నం కోడలే ఫోన్ చేసింది. "మామయ్యా, ఇల్లు మరీ చప్పబడింది. ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది. ఆ కాగితం తీసేశాను!"