బంతిపూల రంగు, ఇనప బాణలి

పెళ్ళికి నెలరోజుల ముందు మా అమ్మాయి ఒక పేచీ పెట్టింది. పసుపు ఫంక్షన్‌కి కొత్త చీర వద్దట. నా పెళ్ళినాటి మధుపర్కం చీరకి బంతిపూల రంగు వేసి కట్టుకుంటుందట. తెల్లటి నూలు చీర, ఉన్నది ఒక్కటే. పాడైతే మళ్ళీ రాదు. అయినా పిల్ల ముచ్చట కదా అని ఒప్పుకున్నాను.

సెక్టర్ 2లో మా పక్క క్వార్టర్ ఛత్తీస్‌గఢీ దీదీకి ఈ పని బాగా తెలుసు. చీరకి ముందుగా పటిక నీళ్ళు పట్టించడం, పూరేకులు ఉడికించి వడకట్టడం అన్నీ దగ్గరుండి నేర్పింది. పెరట్లో పొయ్యి మీద స్టీలు గిన్నెలో రంగు నిగనిగలాడుతుంటే చీర ముంచి, నేను స్నానానికి వెళ్ళాను. అక్కడే కొంప మునిగింది.

మావారు ఉక్కు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. గిన్నెలో చీర ఇరుకుగా ఉందని జాలిపడి, అటక మీది పెద్ద ఇనప బాణలి దింపి, రంగునీ చీరనీ అందులోకి మార్చేశారు. నేను వచ్చేసరికి చీర ముదురు ఆకుపచ్చగా ఉంది.

"ఏటండీ ఇది?"

"నాకేటి తెలుసే! కాస్త చోటిచ్చాను, అంతే."

నా కేకలకి పరుగున వచ్చిన దీదీ "లోహే మే డాల్ దియా?" ఇనుములో వేసేశారా అని తల బాదుకుంది. ఇనుము తగిలితే బంతి పసుపు అలా తిరిగిపోతుందట. ముప్పై ఏళ్ళు ఇనుముతో కాపురం చేసిన మహానుభావుడికి ఆ సంగతి తెలియదు! నోటికొచ్చిందల్లా అనేశాను. మూడుసార్లు ఉతికినా రంగు వదల్లేదు. ఆయన టీ కూడా ముట్టకుండా మెట్ల మీద కూర్చుండిపోయారు.

సాయంత్రం అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి చీర చూసింది.

"వైశాలి నగర్ బజారుకెల్లి పసుప్పచ్చది కొనుక్కొస్తానమ్మా," అన్నారాయన తల ఎత్తకుండానే.

అది వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. "ఎందుకు నాన్నా? మమ్మీ చీర, నీ ఇనుం. ఇద్దరూ ఉన్నారు కదా ఇందులో. మై తో యహీ పహనూంగీ, ఇదే కట్టుకుంటా."

పసుపు రోజున అందరూ పసుప్పచ్చ బట్టల్లో మెరుస్తుంటే మా పిల్ల ఒక్కతే ఆకుపచ్చలో కూర్చుంది. తొలి పసుపు తండ్రి చేతే రాయించుకుంది. రిటైరైన రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి, ఆ పసుపు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, మంటెక్కి ఒకటే గోల! అందరూ పడీపడీ నవ్వారు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన మొహం కడిగాను.