అరచేతిలో రాసుకున్న వాక్యం

మూడేళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం అనడం కూడా పూర్తిగా సరికాదు. ఆ రోజు నేను పలికిన మాటలను విడివిడిగా తీసి చూస్తే ఏ ఒక్కటీ తప్పని మీరు నిరూపించలేరు. అలా ఎవరూ నిరూపించలేని విధంగా మాట్లాడటమే నేను కాలేజీలో డిబేట్ పేరుతో నేర్చుకున్న విద్య. దాన్ని ఒక తల్లి మీద ప్రయోగించాను. గెలిచాను. నా పేరు చెప్పను. మీరు నన్ను సమర్థించనక్కర్లేదు. వినండి, చాలు.

సుధీర్‌దీ నాదీ బంటుమిల్లిలో ఒకే చర్చి. అతని తల్లి దీనమ్మ గారు వారమంతా ఏఎన్ఎం నర్సుగా ఊళ్లు తిరిగేవారు, ఆదివారం మాకు సండే స్కూల్ చెప్పేవారు. మా సంఘంలో పిల్లలకు వారానికో బైబిల్ వాక్యం కంఠతకు ఇస్తారు. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి చూడకుండా చెప్పాలి. మేం వాక్యం చెబితే సుధీర్ అధ్యాయం చెప్పేవాడు. పన్నెండేళ్లప్పుడు అన్నిటికన్నా పొడవైన కీర్తనను మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. నేను పుస్తకం తెరిచి, ఎక్కడైనా తప్పుతాడేమోనని వరుస వెంట వేలు జరుపుతూ కూర్చున్నాను. తప్పలేదు. నాలో అసూయ అప్పుడే మొదలైందా? కావచ్చు.

గుడివాడ మీదుగా బస్సులో వెళ్లే కాలేజీలో ఇద్దరం చేరాం, డిబేట్‌లో జోడీ అయ్యాం. నేను వాదన మొదలుపెట్టేవాణ్ణి. ఎదుటివాళ్లు చెప్పిన ప్రతి అంశాన్నీ, చెప్పిన వరుసలోనే గుర్తుపెట్టుకుని ఖండించడం సుధీర్ వంతు. చేతిలో కాగితం ఉండేది కాదు. న్యాయనిర్ణేతలు ముచ్చటపడేవాళ్లు.

రెండో ఏడాది సీనియర్ల గదిలో గంజాయి పరిచయమైంది. "ఆకే కదరా, సిగరెట్టు కంటే నయం" అన్నారు. మెదడు పదునెక్కుతుందన్నారు. ఈ మాటలు ఎవరు పుట్టించారో నాకు తెలియదు గానీ, వాటిని నవ్వుతూ చేతులు మార్చినవాళ్లందరి మీదా నాకు మండుతుంది. నేను రెండుసార్లు పీల్చి మానేశాను. సూత్రం కోసం కాదు, గొంతు పాడైతే డిబేట్ పోతుందని. సుధీర్ మానలేదు. వారానికోసారి కాస్తా రోజూ అయింది.

ఆ ఏడాదే ఒక పోటీలో, గంజాయి గురించి మనకున్న భయం అతిశయోక్తి అనే పక్షం మాకు చీటీలో వచ్చింది. నేను బాగా చదివాను. చిన్న వయసులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి రోజూ వాడేవాళ్లలో జ్ఞాపకం, ఏకాగ్రత, కొత్త విషయం పట్టుకునే శక్తి మందగిస్తాయని చదివాను. మానేశాక కొంత తిరిగి వస్తుందనీ, ఎంత వస్తుందో, ఎవరికి వస్తుందో ఖచ్చితంగా చెప్పలేమనీ కూడా చదివాను. అందులోంచి ఆ చివరి ముక్క ఒక్కటే పీకి తీశాను. "ఖచ్చితంగా చెప్పలేమంటున్నారు కదా, మరి ఈ భయానికి పునాది ఏది?" అని సభను నిలదీశాను. తెలియదు అన్నదాన్ని ప్రమాదం లేదు అన్నదానిగా మార్చడానికి నాకు అర నిమిషం పట్టింది. చప్పట్లు కొట్టారు. కప్పు ఇచ్చారు. ఇంత మంది చదువుకున్నవాళ్లున్న హాల్లో లేచి ఇదేం తర్కమని అడిగినవాడు ఒక్కడూ లేడు! తర్వాత నేను మానేయమంటే సుధీర్ నవ్వి, "నువ్వే కదరా చెప్పావ్, పునాది లేదని" అన్నాడు. రెండోసారీ అదే మాట అనేసరికి చెప్పడం మానేశాను.

మూడో ఏడాది ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, దీనమ్మ గారూ నేనూ ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాం. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"నాన్నా, నువ్వు అబద్ధం ఆడవని నిన్ను అడుగుతున్నా. వాడు గంజాయి ఏమన్నా తాగుతున్నాడా?"

"ఎందుకలా అనిపించింది ఆంటీ?"

"పోయిన వారం వాక్యం అరచేతిలో రాసుకొచ్చాడురా. వీడు! నా బీపీ మాత్రలు గుడివాడలో తెమ్మంటే మూడుసార్లు మర్చిపోయాడు. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెప్తున్నానమ్మా అని నన్నే అడుగుతున్నాడు."

"పరీక్షలప్పుడు నేనూ మర్చిపోతానండీ. అరచేతిలో రాసుకునేవాళ్లు మా డిబేట్‌లో బోలెడు మంది. మీరు కళ్లారా చూశారా?"

"చూళ్లేదు."

"బ్యాగులో ఏమన్నా దొరికిందా?"

"లేదు గానీ..."

"మరి ఏ ఆధారంతో ఆంటీ? సత్యమే పలకాలని మాకు నేర్పింది మీరే. రుజువు లేకుండా కన్నకొడుకు మీద నింద వేస్తే వాడు తట్టుకుంటాడా?"

ఆమె చేతిలో కుర్చీ కింద పెట్టేశారు. ముఖం ఎర్రబడింది. "నిజమేలే నాన్నా, నా బుద్ధి గడ్డి తింది" అన్నారు. ఆ పైన, నన్ను ఇప్పటికీ వదలని మాట: "నువ్వు అన్నావంటే నాకు ధైర్యంగా ఉంది."

గమనించారా? నేను లేదు అనలేదు. ఒక్కసారి కూడా. ప్రశ్నకు ప్రశ్న వేశాను. ఇరవై ఏళ్లు పసిపిల్లల ఒళ్లు చూసి జ్వరం చెప్పిన మనిషి తన బిడ్డలో చూసినదాన్ని, నేను నాలుగు ప్రశ్నలతో ఆమె చేతనే కొట్టివేయించాను.

ఎందుకు? స్నేహం కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. స్నేహితుణ్ణి పట్టివ్వకూడదన్న గౌరవప్రదమైన కారణం. నిజం ఇంకా చిన్నది, ఇంకా నీచమైనది. మూడు వారాల్లో రాష్ట్రస్థాయి పోటీ ఉంది. ఆమెకు తెలిస్తే కొడుకును ఇంటికి తీసుకెళ్తారు. నాకు జోడీ ఉండడు.

ఆ పోటీలో ఏమైందో విన్నారంటే నన్ను అసహ్యించుకుంటారు. సుధీర్ ఖండనకు లేచాడు. మొదటి అంశం చెప్పాడు. రెండోది రాలేదు. అరచేయి తెరిచి చూసుకున్నాడు. చెమటకు సిరా అలుక్కుపోయింది. అలాగే నిలబడ్డాడు, సమయం అయిపోయిందని గంట కొట్టేదాకా. ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఎవరి మీద? వాడి మీద! బస్సులో వాడితో మాట్లాడలేదు. బందరు దాటాక వాడే అన్నాడు: "అమ్మ నాకు సారీ చెప్పిందిరా, అనుమానించినందుకు. ఎందుకు అనుమానించిందో మాత్రం చెప్పలేదు." నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

క్షమాపణ అడిగిన తల్లి మళ్లీ ప్రశ్న వేయగలదా? ఇంకో రెండేళ్లు వేయలేదు. ఆ రెండేళ్లూ వాడు రోజూ తాగాడు. సబ్జెక్టులు మిగిలిపోయాయి. చివరికి వాడి గదిలో గంజాయి పొట్లం దొరికాక ఆమె బందరులో డాక్టరుకు చూపించారు. ఆయన నేను అప్పుడు చదివిందే చెప్పారట: మానేస్తే కొంత తిరిగి వస్తుంది, ఎంతన్నది చెప్పలేం, ముందే తీసుకొస్తే బాగుండేది. సంఘంలో కొందరు ప్రార్థన తగ్గడం వల్లే అన్నారు. ఆ మాట అన్నవాళ్ల మీద అరవాలనిపించింది. అరిచే హక్కు నాకుందా?

సుధీర్ మానేసి ఏడాదవుతోంది. ఇప్పుడు మేనమామ రొయ్యల చెరువు మీద పని చేస్తున్నాడు. ఒకసారి మేత వేశాడో లేదో గుర్తులేక రెండోసారి వేశాడు. తినని మేత అడుగున కుళ్లి నీళ్లు పాడయ్యాయి. ఇప్పుడు మోటారు షెడ్డుకు ఒక పలక వేలాడదీశారు. మేత వేసిన ప్రతిసారీ గీత గీస్తాడు. నేను వెళ్లినప్పుడు కబుర్లు బాగానే చెప్తాడు, జోకులేస్తాడు, ఉన్నట్టుండి మధ్యలో ఆగి, "ఏం చెప్తున్నాన్రా?" అంటాడు. నేను అందిస్తాను. ఒకప్పుడు వాడు తప్పుతాడేమోనని వేలు పెట్టి చూసినవాణ్ణి.

పోయిన ఆదివారం కుర్చీలు పేర్చేటప్పుడు దీనమ్మ గారి పక్కకు వెళ్లాను. చాలా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అన్నీ వదిలేశాను.

"ఆంటీ, మూడేళ్ల కిందట మీరు నన్ను ఒకటి అడిగారు. అవును. తాగుతున్నాడు. నాకు అప్పటికే తెలుసు."

ఆమె ఏడవలేదు. అరవలేదు. చాలా మామూలు గొంతుతో అన్నారు: "వాడికైతే గుర్తుండదు. నీకన్నీ గుర్తున్నాయి కదా నాన్నా. మరి మూడేళ్లూ ఏం చేశావు?"

అలవాటు ప్రకారం ఎదురు ప్రశ్న ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అంతవరకే నేను చేయగలిగింది. అవును అన్న ఆ ఒక్క మాట బయటికి వచ్చాక గుండెల్లో ఏదో సడలింది. ఆమె గుండెల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. నా చేతిలో ఉన్న కుర్చీని ఆమె తీసుకుని, తనే దొంతర మీద పెట్టారు.