మైకుకు పెట్టిన బొట్టు

రెండు సెకన్లలో సోల్డరింగ్ ముగించి, మైకు చెడకుండా తీగ అతికించడం మా తమ్ముని కూతురు శశికళ సాధించిన మొదటి విజయం. అది 2012లో, బెంగళూరు పక్క యలహంకలోని పద్మనాభంగారి చిన్న ఫ్యాక్టరీలో. అంతకుముందు నలభై మూడు మైకులు పాడుచేసింది. బఠానీగింజంత ఉండే ఈ ఎలక్ట్రెట్ మైకు లోపల పల్చని పొర ఉంటుంది. తయారీలోనే దానికి ఎక్కించిన విద్యుత్తు ఏళ్లపాటు నిలుస్తుంది. వేడి ఎక్కువైతే మాత్రం పోతుంది.

2016లో మైకులను పరీక్షించే పని ఇచ్చారు. 2019లో పదకొండు మంది ఆడవాళ్లకు సూపర్‌వైజరు అయింది. అప్పటినుంచి మొన్నటిదాకా ఒక్క మైకూ వెనక్కి రాలేదు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల కూడా ఈమే.

ఈ అక్టోబరులో, కడప జిల్లా బడులకు పంపిన ఎనభై కాలరు మైకులు పనికిరావని ఫోన్లు వచ్చాయి. అయ్యవారి మాట కుండలోంచి వస్తున్నట్టుందట. రెండు మైకులు తిరిగి పంపారు కూడా. వాటిలో వాడిన బఠానీగింజంత మైకులు తమకు అమ్మిన కంపెనీదే తప్పని పద్మనాభంగారు ఉత్తరం రాయించారు. పరీక్షించింది శశికళ కాబట్టి సంతకం ఆమె చేయాలి.

చేసే ముందు ఆమె తిరిగొచ్చిన ఒక మైకుకున్న నల్లటి స్పాంజి టోపీ తీసి చూసింది. నడుమ, మాట లోపలికి పోయే సన్నటి రంధ్రం ఎర్రగా ఉంది. ఆయుధపూజనాడు, పరీక్షలు అయ్యాక, టోపీలు తొడగకముందు, ట్రేలలోని ఎనభై మైకులకూ తానే కుంకుమ పెట్టింది. గుండ్రటి ముఖం, మధ్యలో చుక్క. బొట్టుకు అదే చోటనిపించిందట.

సంతకం చేస్తే ఎవరికీ తెలియదు. చేయకపోతే ఉన్న పని పోవచ్చు. ఆమె కాగితం మడిచి యజమాని ముందు పెట్టింది.

"తప్పు వాళ్లది కాదు సార్. నేను పెట్టిన కుంకుమే లోపల ఉండాది."

పక్కన పనిచేసే పిల్లమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పెండ్లికూతుర్ని చేస్తివి కదక్కా, సిగ్గుతో నోరు మూసుకుండాది."

"నవ్వింది చాలు పిల్లమ్మా," అని పద్మనాభంగారు శశికళ వైపు తిరిగారు. "కొత్తవి తీసుకుని నువ్వే పోయి మార్చి రామ్మా. మళ్లీ ఒక్కటి వెనక్కొచ్చినా ఆ కుర్చీ వేరేవాళ్లకిస్తాను."

మొన్న సోమవారం పొద్దున ఎనభై మైకులతో, తన సోల్డరింగ్ కడ్డీతో కడప బస్సెక్కింది. ఇరవై బడుల్లో నిన్నటికి పన్నెండు అయ్యాయి, వాటినుంచి ఫిర్యాదు లేదు. తిరిగి వచ్చేది నవంబరు 22, శనివారం.